పోయిరా అనని ఇల్లు

ముత్తుకూరు,
23 జూన్ 2024, ఆదివారం

ప్రియమైన పెద్దమ్మకు,

కరుణ వందనాలు. పోయిన వారం ఫోనులో నేను గొంతు చించుకున్నాను, నువ్వు "ఆఁ, పడతా ఉంది, పడతా ఉంది" అన్నావు. నేనడిగింది వాన గురించి కాదు. చెవిలో పెట్టుకునే మిషను ఎదుటి మనిషికే గాని ఫోనుకు పనికిరాదని నువ్వు ముందే చెప్పావు, నేనే వినలేదు. అందుకే నువ్వు చెప్పినట్టు ఉత్తరం రాస్తున్నాను. కాటా దగ్గర లారీ నంబర్లూ బరువులూ రాయడం తప్ప చాలా ఏళ్లుగా నాకు వేరే రాత లేదు. తప్పులుంటే టీచరమ్మలాగా ఎర్ర సిరాతో దిద్ది పంపకు.

అసలు సంగతికి వస్తాను. లూదియ బయటికి పోవడం లేదు పెద్దమ్మా. ఏప్రిల్ నుంచీ ఇంతే. ముందు బాగానే పోయేది, నేను పట్టించుకునేదాన్నే కాదు. ఇప్పుడు తిట్టినా, బతిమాలినా, బిస్కెట్లు ఆశ పెట్టినా పోదు. బడిలోనూ అంతేనట. మొన్న ఓపిక నశించి ఎత్తుకెళ్లి కూర్చోబెట్టాను. గుక్క తిప్పుకోకుండా ఏడ్చింది. ఐదేళ్ల పిల్ల ఇట్లా ఎందుకు చేస్తుందో నాకు తెలియడం లేదు. ముప్పై ఏళ్లు అంగన్‌వాడీలో పిల్లల మధ్యే బతికావు. ఏం చెయ్యాలో నువ్వే చెప్పాలి.

ఆయన ఇక్కడ లేరు. తూత్తుకుడి హార్బరులో డ్యూటీ. ఎప్పుడొస్తారో తెలియదు.

నేను పొద్దున ఏడున్నరకు కంపెనీ బస్సెక్కితే మళ్లీ ఇల్లు చేరేసరికి ఆరు. ఆ మధ్యలో పాపను బడి నుంచి తెచ్చి టీవీ ముందు కూర్చోబెట్టుకునేది కింది వాటా ప్రమీలమ్మ గారు. ఆమెకు కూడా విసుగొస్తున్నట్టుంది. నాకైతే ఎప్పుడో వచ్చింది. పెదనాన్నకు ఎట్లా ఉందో రాయి.

నిద్ర చాలని నీ కూతురు,
కరుణ


ఇందుకూరుపేట,
28 జూన్ 2024

కరుణకు,

ముందు దీవెనలు, తరవాత తిట్లు.

ఈ కాగితం చూసి నవ్వుకోకు. నేను రిటైరైన రోజు సెంటరులో మిగిలిపోయిన రిజిస్టరు ఇది. ఒక వైపు పిల్లల ఎత్తు, బరువు రాసే గళ్లు. రెండో వైపు ఖాళీ. ఇంకో పదేళ్లు ఉత్తరాలు రాసినా అయిపోదు, నేనే అయిపోవాలి.

ఏప్రిల్ నుంచి బయటికి పోకపోవడమేమిటే? మూడు రోజులు పోకపోతేనే బిడ్డ కడుపు రాయి అవుతుంది. నువ్వు మూడు నెలలు చూస్తూ కూర్చున్నావా? బడిలోనూ పోదని రాశావు. బడిలో ఏ పిల్ల పోతుంది, అక్కడి దొడ్లు చూశాక ఎవరికైనా వచ్చింది కూడా వెనక్కి పోతుంది. బిస్కెట్లు ఆశ పెట్టానని పైగా గొప్పగా రాశావు. ఆ మైదా వల్లే ఇదంతా.

చెప్పేది జాగ్రత్తగా చదువు. పది ఎండు ద్రాక్ష రాత్రి నానవేసి, పొద్దున పిసికి ఆ నీళ్లు తాగించు. రోజూ ఒక చక్కెరకేళి. అప్పటికీ కాకపోతే ఆముదం ఒక చిన్న చెంచాడు వేడినీళ్లలో. ముక్కు మూసి పోయకు, పిల్ల భయపడుతుంది. ఎత్తుకెళ్లి కూర్చోబెట్టి బలవంతం చేయడం అసలే వద్దు. పక్కన కూర్చుని కథ చెప్పు. అది దానంతట అది జరగాల్సిన పని. ఇవన్నీ అయ్యాక కూడా పోకపోతే నెల్లూరు తీసుకుపోయి పిల్లల డాక్టరుకు చూపించు.

మీ పెదనాన్నకు పక్షవాతంతో పోయిన కుడి పక్క ఇంకా స్వాధీనంలోకి రాలేదు. మాట కూడా ముద్దగానే ఉంది. రోజుకు మూడుసార్లు పక్క తిప్పి పడుకోబెడుతున్నాను. వసారాలో మంచం వెయ్యమని ఎడమ చేత్తో చూపిస్తాడు. ఎండ తగులుతుందని చెప్పి ఆపుతున్నాను. నా నడుము సంగతి అడగకు.

అల్లుడికి నా వందనాలు చెప్పు. పరాయి ఊళ్లో భోజనం ఎట్లా ఉందో కనుక్కో.

మీ పెద్దమ్మ,
మగ్దలీనమ్మ


ముత్తుకూరు,
5 జూలై 2024

ప్రియమైన పెద్దమ్మకు,

నీ ఉత్తరం కాటా గదిలోనే విప్పాను. ఆముదం దగ్గరికి వచ్చేసరికి నవ్వాపుకోలేకపోయాను. చీటీ కోసం నిలబడ్డ డ్రైవర్లు కిటికీలోంచి తొంగి చూశారు. తరవాత అదే నవ్వు ఏడుపులోకి దిగింది. ఎందుకో నాకే తెలియదు. నిద్ర లేక అయ్యుంటుంది.

లూదియ కడుపు నిక్షేపంగా ఉంది. రోజూ పోతుంది. నేను రాసింది బయటికి, అంటే ఇంటి బయటికి, ఆడుకోవడానికి. ఊళ్లో ఆ మాటకు ఇంకో అర్థం ఉందని ఇక్కడికొచ్చాక మరిచేపోయాను.

మాది మేడ మీది వాటా అని నీకు తెలుసు. పద్నాలుగు మెట్లు దిగితే ఎదురుగా సరుగుడు తోపు, దాని పక్కన ఇసక నేల. సాయంత్రమయితే ఈ వరసలోని పిల్లలందరూ అక్కడే పొర్లుతుంటారు. వాళ్ల అమ్మలు పిలిచి పిలిచి గొంతులు పోగొట్టుకుంటారు. నాకు మాత్రం ఉల్టా. లూదియ గడప మీద కూర్చుని వాళ్లను చూస్తుంది. కాళ్లు రెండూ లోపలే. బంతి కొన్నాను. మూడు చక్రాల సైకిలు కొన్నాను, అది వంటింట్లో పప్పు డబ్బాల చుట్టూ తిరుగుతోంది. బడికి తీసుకుపోవాలంటే చంకనెక్కి, మెట్లు దిగినంతసేపూ మొహం నా భుజంలో దాచుకుంటుంది.

ఇంకో వింత చెబుతాను. తలుపు బార్లా తీసిపెట్టి "బయటికి పోమ్మా" అంటానా, నా మొహంలోకి చూసి "తలుపు తీస్తావా?" అంటుంది. తీసే ఉంది కదే అంటాను. మళ్లీ అదే ప్రశ్న. నీ పోలిక వచ్చిందేమోనని చెవి పరీక్ష కూడా చేయించాను. చెవులు బాగానే ఉన్నాయి.

బడిలో ఆట బెల్లు కొట్టగానే బెంచీ కింద దూరుతోందట. అక్కణ్ణుంచి లాగితే టీచరమ్మ చెయ్యి కొరికింది. పిలిచి చెప్పారు, దసరా సెలవుల్లోపల మార్పు రాకపోతే పేరు తీసేస్తాం, ఒక్క పిల్ల కోసం ఒక మనిషిని కాపలా పెట్టలేం అని. వాళ్లది తప్పని కూడా అనలేను. బడి మాన్పిస్తే నేను ఉద్యోగం మానాలి. మానితే ఈ గది ఉండదు. నాకు ఇంతకంటే ముందుకు ఆలోచన సాగడం లేదు.

నీ ఎండు ద్రాక్ష నానవేసి నేనే తాగుతున్నాను.

కరుణ


ఇందుకూరుపేట,
11 జూలై 2024

కరుణకు,

నా చెవులతో పాటు బుర్ర కూడా పోయిందని ఒప్పుకుంటున్నాను, ఆముదం సంగతి ఇంక ఎత్తకు. మీ పెదనాన్నకు నీ ఉత్తరం చదివి వినిపించాను. జబ్బు పడ్డాక మొదటిసారి నవ్వాడు. నవ్వింది ఎడమ పక్కే అయినా, నవ్వు నవ్వే కదా.

ఆట అనేది చెబితే వచ్చేది కాదే. గజ్జిలాగా ఒకరి నుంచి ఒకరికి అంటుకోవాలి. సైకిళ్లూ బంతులూ కొనిపెడితే పిల్లలు వాటిని కాపలా కాస్తారు గాని ఆడరు. ఇసక, నీళ్లు, ఒక పగిలిన గరిటె చాలు. నా సెంటరుకు ప్రభుత్వం వాళ్లు పంపిన బొమ్మలు బీరువాలోనే ముసలివైపోయాయి. పిల్లలు ఆడింది సున్నం రాలిన గోడ పెచ్చులతో.

నేను చెప్పేదేమంటే, అల్లుణ్ణి నాలుగు రోజులు సెలవు పెట్టి రమ్మను. బిడ్డకు బయటి లోకం చూపించేది తండ్రి భుజమే. అతను ఎత్తుకుని మైపాడు తీసుకుపోయి అలల్లో నిలబెడితే, కాళ్ల కింద ఇసక జారుతుంటే, ఏ పిల్లయినా నవ్వకుండా ఉండదు. ఆ తరవాత నువ్వు లోపలికి రమ్మన్నా రాదు. తల్లికి ఇది చేతకాదు. తల్లి చెయ్యి పట్టుకోవడానికే అలవాటు పడి ఉంటుంది. నువ్వే పట్టుకుని కూర్చున్నావేమో చూసుకో. మగమనిషి లేని ఇంట్లో పిల్లలు కొంగుకు అతుక్కుపోవడం నేను చాలామందిలో చూశాను.

అల్లుడికి మాగాయ కట్టి ఉంచాను. తూత్తుకుడి అడ్రసు పంపితే నేనే పోస్టు చేస్తాను.

మగ్దలీనమ్మ


ముత్తుకూరు,
24 జూలై 2024

పెద్దమ్మకు,

ఉత్తరం అందింది. జవాబు రాయకూడదనుకున్నాను, రాస్తున్నాను.

నీకు ఎవరు చెప్పారో, ఎవరి దగ్గర ఏం విన్నావో నేరుగా అడిగితే నేరుగా చెప్పేదాన్ని. మగమనిషి లేని ఇల్లు అనీ, తండ్రి భుజం అనీ, అడ్రసు పంపమనీ, ఇన్ని వంకర్లు ఎందుకు? ఇక్కడ ఎత్తిపొడిచేవాళ్లకు కొరత లేదు. చర్చి మానేసి మూడు నెలలైంది, ఆ ప్రశ్నలకు జవాబు చెప్పలేకే. నీటి బిందెకు కూడా జనం తగ్గాక కిందికి దిగుతున్నాను. నీ దగ్గర మాత్రం ఆ అవసరం ఉండదనుకున్నాను. అమ్మ పోయినప్పుడు నాకు ఏడేళ్లు. అప్పటి నుంచీ నన్ను పెంచిన నోరే ఇట్లా అంటే ఇంక ఎవరికి రాసుకోను?

నేను పాపను పట్టుకుని కూర్చోలేదు. ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పక ముందు నుంచీ, రోజుకు పదిసార్లు, బయటికి పో, బయటికి పో అనే అంటున్నాను. ఇంతకంటే ఏం చెయ్యమంటావు?

మాగాయ పంపవద్దు.

కరుణ


ఇందుకూరుపేట,
2 ఆగస్టు 2024

కరుణకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఎవరి దగ్గర ఏం విన్నావని అడిగావు. నాకు వినపడేదెక్కడే తల్లీ? నా దగ్గరికి వచ్చి చెప్పేవాళ్లు ఊరంతటికీ వినపడేట్టు చెప్పాలి. అట్లాంటి కబురేదీ రాలేదు. నా వల్ల ఏం తప్పు జరిగిందో తెలియదు. తెలియకపోయినా క్షమించు. మనసు కష్టంగా ఉంది. రెండు రోజులు మీ పెదనాన్న మీద కసురుకున్నాను, ఆయనకేం సంబంధం?

నీ సంగతి నువ్వు చెప్పినప్పుడు వింటాను. ఈలోగా నీ ఉత్తరంలో ఒక మాట పట్టుకున్నాను. రోజుకు పదిసార్లు బయటికి పో అంటున్నానని రాశావు.

సెంటరు తెరిచిన మొదటి సంవత్సరం, కామాక్షయ్య మనవరాలని నాలుగేళ్ల పిల్ల ఉండేది. కామాక్షయ్య ఉప్పు మడుల్లో పని చేసేవాడు. ఆ పిల్ల నా కొంగు వదిలేది కాదు. ఒకరోజు విసిగిపోయి "బయటికి పో, పోయి ఆడుకో" అన్నాను. పిల్ల పోయింది. ఆడుకోవడానికి కాదు. మడుల గట్ల మీద మైలు దూరం నడిచి వాళ్ల తాత దగ్గరికి పోయింది. ఒక పక్క కాలువ, ఒక పక్క బురద. ఊరంతా వెతికాం. దొరికాక ఎందుకు పోయావే అంటే, "టీచరమ్మ పొమ్మనింది" అని చెప్పింది.

ఆ తరవాత ఏ బిడ్డనూ పో అనలేదు. నేనే ముందు బయటికి పోయి, ఇసకలో చతికిలబడి, వాళ్లకు వీపు పెట్టి ఏదో ఒకటి తవ్వుతూ కూర్చునేదాన్ని. అప్పుడు "రా" అనేదాన్ని. చాలాసార్లు అది కూడా అక్కర్లేదు. ఏం తవ్వుతున్నానో చూడకుండా పిల్లలు ఉండలేరు.

కుక్కనూ పో అంటాం, ఇష్టం లేని మనిషినీ పో అంటాం. పిల్లలకు ఏది ఎవరికో ఎట్లా తెలుస్తుంది? మీ అమ్మమ్మ చెరువు దాకా పోయే మనిషికి కూడా పోయిరా అనేది. సమాధికి సాగనంపేటప్పుడు తప్ప వట్టి పో మన ఇంట్లో లేదు. నీకూ అదే నేర్పాను. ఎట్లా మరిచావు?

మాగాయ ఇక్కడే ఉంది. ఉప్పు సరిపోయింది, పాడు కాదు.

నీ పెద్దమ్మ


ముత్తుకూరు,
11 ఆగస్టు 2024, ఆదివారం

పెద్దమ్మా,

నువ్వు ఎట్లా మరిచావు అని అడిగిన చోట నేను ఆగిపోయాను. తప్పు నీది కాదు. నీకు ఏమీ తెలియదని ఇప్పుడు అర్థమైంది. చెప్పనిది నేనే. తూత్తుకుడి డ్యూటీ అన్నది అబద్ధం కాదు. అందులో సగం రాసి సగం దాచాను.

ఈస్టరు తరవాతి ఆదివారం మధ్యాహ్నం. ఆయనకు తూత్తుకుడిలో క్రేను ఆపరేటరుగా ఇంకా మంచి పని దొరికింది. నన్ను అడగకుండానే ఒప్పుకుని వచ్చారు. నేను రాను, నాకూ ఉద్యోగం ఉంది అన్నాను. వస్తే రండి, రాకపోతే మీ ఇష్టం అన్నారు. మాటకు మాట పెరిగింది. లూదియ బంతి పట్టుకుని గడప దగ్గర నిలబడి ఉంది. ఆదివారం మధ్యాహ్నాలు తండ్రీ కూతురూ ఇసకలో ఆడేవాళ్లు, దాని కోసం. అప్పుడు నేను "నా ఇంట్లోంచి బయటికి పో" అన్నాను. ఆయన చెప్పులు వేసుకుని మెట్లు దిగారు. నేను పిల్లను లోపలికి లాగి గడియ పెట్టాను.

అంతటితో అయిపోతే బాగుండేది. పొద్దుగూకే వేళ ఆయన తిరిగొచ్చారు. తలుపు కొట్టారు. "కరుణా, తలుపు తీ" అని మూడుసార్లు అన్నారు. కోపంగా కాదు, మామూలుగా. పాప వచ్చి నా మొహంలోకి చూసింది. నేను టీవీ సౌండు పెంచాను. చాలాసేపటికి మెట్ల మీద అడుగుల చప్పుడు వినపడింది. అంతే. తరవాత ఆదివారాలు ఫోను చేస్తున్నారు, నేను ఎత్తడం లేదు. ఎత్తితే ఏం చెప్పాలో తెలియదు. ఇంకా కోపమో, సిగ్గో, నాకే తేలలేదు.

మొన్న నువ్వు రాసినట్టే చేశాను. ఆఫీసు నుంచి వచ్చి నేనే ముందు కిందికి దిగి ఇసకలో కూర్చున్నాను. వీపు పెట్టి, టీ గ్లాసుతో తవ్వాను. వరసలోని ఆడవాళ్లందరూ చూస్తున్నారని వీపుకు తెలుస్తూనే ఉంది. "రా" అన్నాను. పాప పై మెట్టు మీదికి వచ్చి నిలబడింది. మళ్లీ అదే, "తలుపు తీస్తావా?" అని. నేను ఇక్కడుంటే తలుపు ఎవరు వేస్తారే అన్నాను. అప్పుడు చెప్పింది.

"నువ్వే. నాన్నకి తియ్యలేదు కదా."

నాలుగు నెలలుగా అది అడుగుతున్నది అదే పెద్దమ్మా. ఇప్పుడు తీసి ఉందా అని కాదు. బయటికి పోయి తిరిగొస్తే తీస్తావా అని. నేను దాని చెవులు పరీక్ష చేయించాను.

లోపలికి వచ్చి తీస్తానమ్మా, ఎప్పుడైనా తీస్తాను అని చెప్పాను. తల ఊపింది గాని నమ్మలేదు. నేనయినా నమ్మను. నాకు చాలా అలసటగా ఉంది. తిట్టదలచుకుంటే తిట్టు, ఏదో ఒకటి రాయి.

కరుణ


ఇందుకూరుపేట,
17 ఆగస్టు 2024

నా తల్లీ కరుణా,

తిట్టడానికి నాకు ఓపిక లేదు, తిట్లు తినడానికి నీకు లేదు. ఆ పని వదిలేద్దాం.

గడియ ఊడబీకించు. ఈ ఉత్తరం అందిన రోజే ఒక వడ్రంగిని పిలిచి, తలుపు లోపలి గడియ మేకులతో సహా తీయించు. పిల్ల చూస్తుండగా తీయించు. తీసిన గడియ దాని చేతికివ్వు. నువ్వు బైబిలు మీద చెయ్యి వేసి చెప్పినా ఆ బిడ్డ నమ్మదు, నమ్మాల్సిన పనీ లేదు. పిల్లలకు మాట కంటే మేకు ముఖ్యం. రాత్రిపూట ఏదైనా బరువు అడ్డం పెట్టుకో. కింద ప్రమీలమ్మ ఉంది కదా.

బయటికి ఎప్పుడు పోతుందో తొందరపెట్టకు. మొదట ఆడే ఆట తలుపుతోనే ఆడుతుంది. ఆడనివ్వు.

అల్లుడు కిషోర్ సంగతి నేను తేల్చను. అతనూ అడగకుండా ఒప్పుకుని వచ్చాడు, నువ్వూ అనకూడని మాట అన్నావు. మీ ఇద్దరిలో ఎవరిది ఎక్కువో తూచడానికి నా దగ్గర కాటా లేదు. ఫోను మాత్రం పిల్లకు ఇవ్వు. నువ్వు మాట్లాడకపోయినా ఫరవాలేదు.

నేనూ ఒకటి ఒప్పుకోవాలి. వసారాలో ఎండ తగులుతుందని మీ పెదనాన్నకు చెబుతూ వచ్చాను. అక్కడ ఎండే రాదు. మోయలేనని చెప్పడానికి, ఇంకొకరిని పిలవడానికి నాకు మొహం చెల్లలేదు. నిన్న పక్కింటి జడ్సన్‌ను పిలిచాను. ఇద్దరం కలిసి మంచం బయట వేశాం. పొద్దుగూకేదాకా రోడ్డు మీద పోయే బస్సులు చూస్తూ పడుకున్నాడు. లోపలికి పోదామంటే తల అడ్డంగా ఊపాడు. నీ ఉత్తరం రాకపోతే నేను ఆ పని చేసేదాన్ని కాదు.

మీ పెద్దమ్మ


ముత్తుకూరు,
21 సెప్టెంబరు 2024, శనివారం

ప్రియమైన పెద్దమ్మకు, పెదనాన్నకు,

ఇన్నాళ్లు రాయనందుకు కోప్పడకండి. రాయడానికి ఏదైనా ఉంటే రాద్దామని ఆగాను.

వడ్రంగి గడియ తీస్తుంటే లూదియ నాలుగు మేకులూ లెక్కపెట్టి చేతిలో పట్టుకుంది. తలుపుకు గడియ లేకపోతే ఎట్లామ్మా అని అతను మూడుసార్లు అడిగాడు. రాత్రిళ్లు గ్యాసు సిలిండరు అడ్డం జరిపి పడుకుంటున్నాం. గడియ పాప బడి సంచిలో ఉండేది, పడుకునేటప్పుడు దిండు కింద.

నువ్వు చెప్పినట్టే మొదటి ఆట తలుపుతోనే. బయటికి పోతుంది, నన్ను తలుపు మూయమంటుంది, ఒక్క క్షణం ఆగి తోసుకుని వస్తుంది. మళ్లీ పోతుంది. వారం రోజులు ఇదే. నేను అన్నం వార్చుకుంటూనే ప్రతిసారీ పోయిరా అన్నాను. ఒకరోజు విసుగొచ్చి పలకలేదు. పాప గుమ్మంలోనే నిలబడి, నేను ఆ మాట అనేదాకా కదల్లేదు. తరవాత రెండు మెట్లు, తరవాత ఆరు. వినాయక చవితి సెలవు రోజు పద్నాలుగూ దిగి, ఇసకను కాలి వేలితో ముట్టుకుని, పరుగెత్తుకుంటూ పైకి వచ్చి తలుపు తోసింది.

ఇప్పుడు సాయంత్రాలు కాసేపు ఇసకలో ఉంటుంది. నేను పక్కన ఉంటేనే. అందుకని నేనూ దిగుతున్నాను. ఆడవాళ్లు అడిగారు, చెప్పాను. ఒకామె తన కథ చెప్పింది, నాది దాని ముందు ఎంత? బడిలో ఆట బెల్లుకు వరండా దాకా వస్తోందట. టీచరమ్మ దసరా మాట మళ్లీ ఎత్తలేదు. నా అలసట మాత్రం ఎక్కడికీ పోలేదు. కాళ్లు లాగుతూనే ఉన్నాయి, చీర నిండా ఇసక, దులుపుకునే ఓపిక కూడా లేదు.

ఆదివారాలు ఫోను పాపకు ఇస్తున్నాను. నేను ఇంకా మాట్లాడలేదు. మొన్న ఫోను పెట్టేశాక సంచిలోంచి గడియ తీసి నా ముందు పెట్టింది.

"ఇది నాన్నకి పంపిద్దాం మా."

ఎందుకన్నాను. "తలుపుకి గడియ లేదని నాన్నకి తెలవాల కదా" అంది.

దిండు కింద పెట్టుకుంటే గాని నిద్రపోని వస్తువును అది ఇచ్చేస్తోంది. ఇంక నేనేం దాచుకుని కూర్చున్నాను అనిపించింది.

ఇవాళ సగం పూట సెలవు పెట్టి, మధ్యాహ్నం ఇద్దరం పోస్టాఫీసుకు వెళ్లాం. కౌంటరులో పార్సిల్లో ఏముందని అడిగితే తలుపు గడియ అన్నాను. గుమాస్తా నన్నొకసారి చూసి తూకం వేశాడు. ఉత్తరం ఏమీ పెట్టలేదు పెద్దమ్మా. ఒక కాగితం మీద "రా" అని రాద్దామని పెన్ను తీశాను, చెయ్యి రాలేదు. పంపేవారు అన్న చోట మాత్రం లూదియ పేరు రాసి, దాని కింద నా పేరు కూడా రాశాను.

రసీదు తీసుకుని వెనక్కి తిరిగేసరికి పాప నా పక్కన లేదు. చూస్తే బయట ఉంది. పోస్టాఫీసు ముందు ఎవరో ఇల్లు కట్టుకోవడానికి పోసిన ఇసక కుప్ప మీద, ఎవరూ పొమ్మనకుండా, ఎవరూ రమ్మనకుండా, రెండు చేతులతో తవ్వుతోంది. వెనక్కి తిరిగి చూడను కూడా లేదు.

నేను పిలవలేదు. చెప్పులు పక్కన విడిచి మెట్ల మీద కూర్చున్నాను.

మాగాయ పంపు. రెండు సీసాల్లో కట్టు, ఒకటి తూత్తుకుడికి. అడ్రసు ఈ కాగితం వెనక రాశాను.

మీ కరుణ